సూర్యజ్వాలలు - ఎక్సు కిరణములు

1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్-రంగాపురం వేధశాలలో శాస్త్రజ్ఞులు పరిశీలించుచుండగా, హైదరాబాదులో అనేకులు భయముచే తలుపులు మూసికొనిరి. నేడు సూర్యజ్వాలలను గూర్చియు అట్టి భయమే వ్యాపించుచున్నది. కావున పంచాయతీ సభ్యులు నిజము నెరుగుట అవసరము.

సూర్యుని ఆవరించిన కరోనా అను పలుచని వాయువు సాధారణముగా 10, 20 లక్షల డిగ్రీల వేడిమి గలిగి, అల్పశక్తిగల ఎక్సు కిరణములను వెలువరించును. అయస్కాంతశక్తి హఠాత్తుగా విడుదలయైనపుడు జ్వాల పుట్టి, వేడిమి కోటి డిగ్రీలను మించును. కొలిమిలోని ఇనుము వేడియెక్కినకొలది ఎరుపునుండి తెలుపునకు మారునట్లు, ఎక్సు కిరణముల వర్ణపటము అధికశక్తివైపునకు విస్తరించును. ఎలక్ట్రానులను చాలవరకు కోల్పోయిన ఇనుప పరమాణువుల రేఖలు అందు ప్రస్ఫుటమగును. మహావేగముతో దూకు ఎలక్ట్రానులు క్రిందనున్న దట్టమైన పొరలను తాకి మొదట తీక్ష్ణకిరణములను పుట్టించును. మృదుకిరణములు నెమ్మదిగా పెరిగి, నెమ్మదిగా తగ్గును.

2023 సెప్టెంబరు 2వ తేదీన శ్రీహరికోటనుండి ఎగసిన ఆదిత్య-ఎల్1 నందు మృదుకిరణములను కొలుచుటకు సోలెక్స్, తీక్ష్ణకిరణములను కొలుచుటకు హెలియోస్ అను పరికరములు గలవు.

ఈ కిరణములు సుమారు 8 నిమిషములలో భూమిని చేరును. అయినను వాయుమండలపు పైపొరలే వానిని గ్రహించును. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ వీధులలో నడచువారికిగాని, పొలము దున్ను రైతునకుగాని అవి సోకవు. పగటివేళ దూరప్రాంతపు షార్టువేవ్ రేడియో మాత్రము కొంతసేపు మూగవోవచ్చును. ఈ సంగతిని గ్రామసభలో తెలిపి వదంతులను తొలగింపుడు. సూర్యుని మాత్రము వట్టి కన్నులతో చూడరాదని పిల్లలకు చెప్పుడు.