హమామ్: చెమట పట్టించే వైద్యం

హమామ్ అనగానే పిల్లలకు సబ్బు గుర్తుకొస్తుంది, పెద్దలకు స్నానాల గది. యునానీలో మాత్రం అదొక చికిత్స. మందులతో కాక మర్దన, హిజామా, వ్యాయామం, స్నానం వంటి పద్ధతులతో చేసే వైద్యాన్ని ఇలాజ్ బిత్ తద్బీర్ అంటారు. హమామ్ అందులోదే. ఇప్పుడు జిమ్ములలో, హోటళ్లలో కనిపించే సౌనా, స్టీమ్ బాత్ దానికి దగ్గరి చుట్టాలు. సౌనాది పొడి వేడి, స్టీమ్ బాత్‌ది ఆవిరి వేడి.

పాత హమామ్‌లలో వరుసగా గదులుండేవి. మొదటిది చల్లగా, తరువాతది గోరువెచ్చగా, లోపలిది వేడిగా. వెళ్లేటప్పుడు ఒక్కో గదిలో కాసేపు ఆగాలి, తిరిగి వచ్చేటప్పుడూ అంతే. కిటుకంతా ఇక్కడే ఉంది. వేడికి చర్మం కింది రక్తనాళాలు విప్పారుతాయి, గుండె వేగం పెరుగుతుంది. అప్పుడు గబుక్కున లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. సౌనాలో ఈ మెట్లు లేవు. తలుపు తీస్తే నేరుగా 80 డిగ్రీల వేడి! ఆ మెట్లు మనమే కల్పించుకోవాలి. మొదటిసారి ఐదు నిమిషాలు చాలు. బయటికి వచ్చాక పది నిమిషాలు కూర్చుని ఆ తరువాతే స్నానం చేయండి.

ప్రయోజనం ఉందా అంటే ఉంది. బిగుసుకున్న కండరాలు, కీళ్లు వదులవుతాయి, హాయిగా నిద్ర పడుతుంది. బల్గమీ మిజాజ్ ఉన్నవారికి ఇది బాగా సరిపడుతుందని మా శాస్త్రం. ఫిన్లాండ్‌లో 2,315 మంది నడివయసు మగవారిని సుమారు 20 ఏళ్లు గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. వారానికి ఒక్కసారి సౌనాకు వెళ్లేవారికన్నా నాలుగు నుంచి ఏడుసార్లు వెళ్లేవారిలో గుండె హఠాత్తుగా ఆగి చనిపోవడం తక్కువగా కనిపించింది. అయితే వాళ్లకది చిన్ననాటి అలవాటు. పైగా ఆరోగ్యంగా ఉన్నవారే తరచుగా వెళ్లగలరు కదా!

పెళ్లికి ముందు సన్నబడాలని వెళ్లే పిల్లలకు ఒక మాట. అక్కడ తగ్గే బరువు నీరే, కొవ్వు కాదు. ఒంట్లోని విషాలన్నీ చెమటలో పోతాయని బోర్డులు పెడతారు, నమ్మకండి. చెమటంటే నీరు, ఉప్పు. మలినాలను వడకట్టే పని కాలేయానిది, మూత్రపిండాలది.

బిర్యానీ తిన్న వెంటనే వెళ్లకూడదు, ఖాళీ కడుపుతోనూ వద్దు. రోజా ఉన్న పగటి వేళ అసలే వద్దు, నీళ్లు తాగలేరు కాబట్టి. జ్వరం ఉన్నవారు, గర్భిణులు, ఛాతీనొప్పి ఉన్నవారు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు దూరంగా ఉండాలి. బీపీ మాత్రలు వేసుకునేవారు డాక్టరును అడిగాకే వెళ్లాలి. ఇన్సులిన్ తీసుకున్న వెంటనే వేడిలో కూర్చుంటే అది త్వరగా పనిచేసి షుగరు పడిపోతుంది. సంతానం కోరుకునే మగవారు కూడా కొంతకాలం మానుకోవడం మంచిది, అధిక వేడికి వీర్యకణాలు తగ్గుతాయి.

కర్ణాటకలో ఉన్నవారికి బెంగళూరు జాతీయ యునానీ వైద్య సంస్థలో తద్బీర్ విభాగం ఉంది. అంత దూరం వెళ్లలేని పెద్దలకు ఇంట్లో పాషోయా చేయండి. పడుకునే ముందు పాదాలను గోరువెచ్చని నీళ్లలో పదిహేను నిమిషాలు ఉంచడమే అది. షుగరు వల్ల పాదాలు మొద్దుబారినవారికి వేడి తెలియదు, కాలుతుంది. నీళ్లను ముందుగా మీ మోచేతితో చూసి, ఆ తరువాతే వాళ్ల పాదాలు పెట్టించండి.