ఎవరి పేరు రిజిస్టరులో ఉంది?

భిలాయిలో తెలుగువాళ్ళది ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. 1955 ఫిబ్రవరి 2న మన ప్రభుత్వానికీ సోవియట్ యూనియన్‌కూ ఉక్కు కర్మాగారం ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను ప్రారంభించారు. ఆ నాలుగేళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మట్టి తట్టలు మొయ్యడానికి వచ్చినవాళ్ళలో మా నాన్న ఒకడు. నేను అదే ప్లాంటులో షిఫ్టులు చేసి రిటైరయ్యాను.

ఈ ఊరు సమ్మెలు చూసింది, కాల్పులు చూసింది. గ్యాసు లీకులు, డెంగీ, కరోనా కూడా చూసింది. బస్తీ సంఘంలో పనిచేస్తున్న మా పిల్లలు, "తాతగారూ, మీరు చూసింది రాసి పెట్టండి, మాకు పనికొస్తుంది" అంటే రాస్తున్నాను.

1. ఆపద నాడు అధికారులు మొదట తెరిచేది రిజిస్టరు

2018 అక్టోబర్ 9 ఉదయం కోక్ ఓవెన్ పదకొండో బ్యాటరీ దగ్గర గ్యాసు పైపు మీద, ముందే అనుకున్న మరమ్మతు జరుగుతుండగా మంటలు లేచాయి. ఆ రోజే తొమ్మిది మంది పోయారు. సెక్టారు-9 ఆసుపత్రిలో కాలిన గాయాలతో పడుకున్నవాళ్ళలో మరికొందరు తర్వాతి రోజుల్లో పోయారు. సీఈఓను తప్పించారు, అధికారులను సస్పెండ్ చేశారు, పరిహారం ప్రకటించారు. ఇదంతా చకచకా జరిగిపోయింది.

పెద్ద కర్మాగారంలో ప్రమాదం జరిగితే గేటు బయట నిలబడ్డ ఇంటివాళ్ళు అడిగేది ఒక్కటే: "మావాడు లోపలున్నాడా?" పర్మనెంటు ఉద్యోగి అయితే జవాబు దొరుకుతుంది. పర్సనల్ నంబరు, హాజరు, డిపార్ట్‌మెంటు, క్వార్టరు అడ్రసు, నామినీ పేరు, అన్నీ కాగితం మీదే ఉంటాయి. ఠేకా కూలీ, అంటే కాంట్రాక్టు కూలీ, సంగతి అలా కాదు. గేటుపాసు మీద ఒక ఠేకేదారు పేరుంటుంది, ఆ రోజు పని చేయించేది మరొకడు. షాపు ఫ్లోరులో అతన్ని ఎరిగినవాళ్ళకు అతని ఊరు పేరే తెలుసు, ఇంటి పేరు తెలీదు.

1980ల నడుమ ఈ ప్లాంటులో రెగ్యులర్ ఉద్యోగులు 65 వేల దాకా ఉండేవారు. ఇప్పుడు 20 వేలకు లోపే. ఉక్కు తయారీ ఆగలేదు, పెరిగింది. ఆ పని చేసే చేతులు మాత్రం ఒక రిజిస్టరులోంచి జారి ఎక్కడా లేని చోట పడ్డాయి. ప్రభుత్వాలకు మనసు లేదని నేననను. కానీ ఆపద వచ్చిన పూట అవి కాపాడగలిగేది అంతకు ముందే తమ లెక్కలో ఉన్నవాళ్ళను. ఆ లెక్క మామూలు రోజుల్లో రాయాల్సింది. కింద రాసే ప్రతి పాఠంలోనూ నాకు ఇదే కనిపించింది.

2. చిన్న కోరికను చిన్నగా ఉన్నప్పుడే వినాలి

మన ఫర్నెస్‌లకు ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. 1977లో అక్కడి ఠేకా కార్మికులు ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పెట్టుకున్నారు. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్ళొచ్చిన శంకర్ గుహా నియోగిని నాయకుడిగా తెచ్చుకున్నారు. వాళ్ళు అడిగినవాటిలో ముఖ్యమైనవి రెండు: పని ఇవ్వని రోజుకు కొంత కూలీ, వానలకు ముందు గుడిసె కప్పు బాగుచేసుకోవడానికి వంద రూపాయలు. జూన్ 2 రాత్రి పోలీసులు నియోగిని పట్టుకుపోయారు. ఆయన్ను వదిలితేనే వదులుతామని కార్మికులు కొందరు పోలీసులను నిలిపేశారు. ఆ రాత్రీ మర్నాడూ కాల్పులు జరిగాయి. పదకొండు మంది చనిపోయారు. అందులో ఒక స్త్రీ ఉంది, ఒక పిల్లవాడు ఉన్నాడు. ఎమర్జెన్సీ ఎత్తేసి అప్పటికి మూడు నెలలు కాలేదు. దేశమంతా స్వేచ్ఛ తిరిగొచ్చిందని పండగ చేసుకుంటున్న వేసవి అది.

పదమూడేళ్ళ తర్వాత ఆ పోరాటం భిలాయికి వచ్చింది. నందినీ రోడ్డు పొడుగునా ఉన్న ప్రైవేటు ఫ్యాక్టరీల కార్మికులు బతకడానికి చాలిన కూలీ, పర్మనెంటు ఉద్యోగం అడిగారు. సంఘంలో చేరినందుకు వేలమందికి పనులు పోయాయి. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారకముందు, తన ఇంట్లో నిద్రపోతున్న నియోగిని కిటికీలోంచి తుపాకీతో కాల్చి చంపారు. ఆయన వయసు 48. ఆ తర్వాత కార్మికులు నెలల తరబడి అడిగారు, కూర్చున్నారు, ఊరేగింపులు తీశారు. 1992 జూలై 1న ఆడవాళ్ళతో, పిల్లలతో సహా వచ్చి భిలాయి పవర్ హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్నారు. సాయంత్రానికి పోలీసు కాల్పుల్లో పదహారు మంది కార్మికులు చనిపోయారు. ఒక పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ కూడా ఆ రోజు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన ఇంట్లోనూ దీపం ఆరింది, అది మరవకూడదు.

హౌరా–ముంబయి లైను ఆగితే ఢిల్లీకి గంటలో తెలుస్తుంది. పని పోయిన మనిషి ఇంట్లో తొమ్మిది నెలలు పొయ్యి సరిగ్గా వెలగకపోతే ఎవరికీ తెలీదు. అందుకే జనం పట్టాల మీదికి వస్తారు. అప్పటికి అధికారి ముందు మిగిలిన ప్రశ్న ఒక్కటే, లైను ఎలా ఖాళీ చేయించాలి అని. దానికి అతని చేతిలో ఉన్న జవాబు లాఠీ, తుపాకీ. మొదటి నెలలో అదే అధికారి ఒక బల్ల దగ్గర రెండు పక్షాలనూ కూర్చోబెట్టి ఉంటే అతనికి వేరే జవాబులు చాలా దొరికేవి.

ఇది ఛత్తీస్‌గఢ్‌కే పరిమితం అనుకోవద్దు. మా సొంత జిల్లా శ్రీకాకుళంలో 2010 జూలైలో సోంపేట, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి ఇలాగే జరిగాయి. థర్మల్ విద్యుత్ కేంద్రాలు మా తడి నేలలైన బీలకూ తంపరలకూ చేటు అని జనం అన్నారు. ఎంతోకాలం ఊరూరా చెప్పిన మాట అది. చివరికి తుపాకులు పేలాకే రాజధానికి వినపడింది.

3. ఆలస్యం కూడా ఒక జవాబే

నియోగి హత్య కేసులో దుర్గ్ సెషన్స్ కోర్టు 1997లో శిక్షలు వేసింది. 1998లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు కాల్చిన మనిషికి యావజ్జీవం వేసి, మిగిలినవాళ్ళ విడుదలను ఖాయం చేసింది. పదమూడేళ్ళు దాటింది. ఆ మధ్యలో రాష్ట్రమే మారింది, 2000 నవంబర్ 1న మనం మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోకి వచ్చాం. విచారణ వేశారని విన్నప్పుడు ఊరట పడండి, కానీ తేదీలు రాసి పెట్టుకోండి.

4. చనిపోయినవాళ్ళ పేరున ఏం కట్టాలో కార్మికులు చూపించారు

దల్లీ రాజహరాలో సంఘం ఉపాధ్యక్షురాలైన ఒకామె కాన్పు సమయంలో సరైన వైద్యం అందక చనిపోయింది. అప్పుడు గని కార్మికులు తమ ఆసుపత్రి తామే కట్టుకోవాలని తీర్మానించుకున్నారు. డ్యూటీ దిగి వచ్చి ఇటుకలు మోశారు, జీతంలోంచి చందాలు ఇచ్చారు. కాల్పుల్లో పోయిన పదకొండు మంది జ్ఞాపకంగా 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రి తెరిచారు. డాక్టర్ బినాయక్ సేన్ లాంటి వైద్యులు తొలిరోజుల్లో అక్కడికి వచ్చి పనిచేశారు. అది ఇప్పటికీ నడుస్తోంది. చుట్టుపక్కల అడవి పల్లెల నుంచి జనం అక్కడికే వస్తారు.

కోపాన్ని ఆసుపత్రిగా మలిచిన ఆ మనుషులంటే నాకు చెప్పలేనంత గౌరవం. అయితే దీన్ని చూపించి, ప్రభుత్వం చెయ్యకపోయినా జనమే చేసుకుంటారులే అనేవాళ్ళతో నేను ఏకీభవించను. రోజంతా రాయి కొట్టినవాడు రాత్రి ఇటుక మోయాల్సి రావడం గొప్పతనమే, కానీ ఆ అవసరం రాకూడదు.

5. ప్రభుత్వాలు నేర్చుకుంటాయి, లెక్క పెట్టినంత మేరకు

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో పదివేల మంది దాకా కొట్టుకుపోయారు. హెచ్చరిక ఊళ్ళకు చేరలేదు, చేరినా ఎక్కడికి పోవాలో తెలీదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కోక్ ఓవెన్ ప్రమాదం జరిగి అప్పటికి రెండు రోజులు. భిలాయిలో ఉన్న శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతపు కుటుంబాలకు ఆ వారం ఎటు చూసినా దిగులే. ఇక్కడ ఆసుపత్రి ముందు నిలబడి అక్కడికి ఫోన్లు చేస్తే లైన్లు కలిసేవి కావు.

తుఫాను పెద్దదే. అయినా మనుషుల ప్రాణాల విషయంలో దివిసీమకూ దీనికీ పోలికే లేదు. ముందస్తు హెచ్చరికలు, షెల్టర్లు, ఖాళీ చేయించడం, ఇవన్నీ నలభై ఏళ్ళలో మన వ్యవస్థ కష్టపడి నేర్చుకున్నవి. వాటిని మెచ్చుకోవాలి.

మరి కొబ్బరి చెట్లు? జీడి తోటలు? ఒక తరం పెంచినవి ఒక్క రాత్రిలో పడిపోయాయి. పరిహారం రాసేటప్పుడు పట్టా ఎవరిదో వాళ్ళ పేరు ముందు ఎక్కుతుంది. కౌలుకు చేసుకున్నవాడి దగ్గర కాగితం ఉండదు. తోటలో కాయలు దింపే కూలీకి పడిన చెట్టుతో పాటు పనీ పోయింది, ఆ నష్టానికి ఏ ఫారంలోనూ గడి లేదు. ప్రాణాలు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. బతుకుతెరువు లెక్కపెట్టడం ఇంకా నేర్చుకోవాలి.

6. సరుకు ఉండడం వేరు, అందడం వేరు

2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి కరోనా లాక్‌డౌన్ ప్రకటించారు, అర్ధరాత్రి నుంచి అమలు. ముంబయి–కోల్‌కతా హైవే మన ఊరి మీదుగానే పోతుంది. ఆ వేసవిలో దాని మీద నడిచిపోయిన మనుషులను భిలాయి, రాయపూర్ జనం కళ్ళారా చూశారు. రాయపూర్ టాటీబంద్ చౌరస్తాలో ఎందరో ముందుకొచ్చి భోజనాలు పెట్టారు, చెప్పులు పంచారు. తెలంగాణ మిరప తోటల్లో కోతకు వెళ్ళిన బస్తర్ పిల్ల ఒకతె, పన్నెండేళ్ళది, నడిచి నడిచి సొంతూరికి కాస్త దూరంలో ప్రాణం విడిచింది. వలస కూలీల పేర్లు నమోదు చెయ్యాలని 1979లోనే చట్టం వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో లోక్‌సభలో అడిగితే, దారిలో ఎందరు వలస కూలీలు చనిపోయారో వివరాలు తమ దగ్గర లేవని కేంద్ర కార్మిక శాఖ చెప్పింది.

రెండో ఏడు ఇంకా దారుణం. 2021 ఏప్రిల్ 6న దుర్గ్ జిల్లాలో లాక్‌డౌన్ పెట్టారు. ఉక్కు కన్వర్టర్లలోకి ఊదడానికి ఆక్సిజన్ కావాలి కాబట్టి గాలి నుంచి దాన్ని వేరుచేసే ప్లాంట్లు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి. భిలాయి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లలో ఎన్నో రాష్ట్రాలకు పోయింది. విశాఖ ఉక్కు నుంచి మొదటి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు బయల్దేరింది. దేశానికి ఆక్సిజన్ కొరత ఎంత ఉందో, దాన్ని మోసే క్రయోజెనిక్ ట్యాంకర్ల కొరతా అంతే ఉంది. సిలిండర్లు, రెగ్యులేటర్లు, వాటిని బిగించే చేతులు దొరకలేదు. అందరూ ఉత్పత్తి టన్నుల గురించి మాట్లాడారు. ఊపిరి ఆడని మనిషి ఇంట్లో వాళ్ళు అడిగింది ఏ ఆసుపత్రిలో, ఏ వార్డులో, ఏ గంటకు అని. ఊరికి ఏం కావాలో ఆ గంటల లెక్కలో ఆలోచించే మనిషి ఒకరు ప్రతి కలెక్టరాఫీసులోనూ ఉండాలని నా నమ్మకం.

7. దోమకు హద్దు తెలీదు

2018 వానాకాలం డెంగీ భిలాయిని కుదిపేసింది. పిల్లలు పోయారు, పెద్దలు పోయారు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఖుర్సీపార్ బాగా దెబ్బతింది. టౌన్‌షిప్ సెక్టార్లను చూసేది ప్లాంటు, వాటి బయటి బస్తీలను చూసేది నగర నిగమ్, అంటే మున్సిపల్ కార్పొరేషన్. రెంటి మధ్య కాలవ ఎవరిదో తేలేలోపు దోమ నాలుగిళ్ళు తిరిగొస్తుంది. పైగా డెంగీ దోమ మంచి నీళ్ళలో పుడుతుంది. మన ఎండలకు ప్రతి ఇంట్లోనూ కూలర్ తప్పదు. వానలు పడ్డాక కూలర్ ఆపేస్తాం, అడుగున నీళ్ళు వదిలేస్తాం. అదే దాని పుట్టిల్లు. నీళ్ళు పారబోసి, గడ్డి తీసి, తొట్టిని రుద్ది ఆరబెట్టాలి. మందు పొగ కొట్టే బండి వచ్చిందని సంబరపడి ఈ పని మానొద్దు.

మా వీధి పిల్లలు ఒక నోటు పుస్తకం పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి ఎంతమంది ఉన్నారు, అద్దెకున్నవాళ్ళెవరు, ముసలివాళ్ళెవరు, ఎవరి రక్తం ఏ గ్రూపు, సొంతూళ్ళో ఎవరికి ఫోన్ చెయ్యాలి అని రాస్తున్నారు. కూలర్ తొట్టి ఎప్పుడు కడిగారో కూడా ఒక గడిలో రాస్తారు. ఆడపిల్లలు వెళ్తే ఇంట్లో ఆడవాళ్ళు జ్వరాల సంగతి దాచకుండా చెబుతున్నారు, కాబట్టి ఆ పని వాళ్ళకే అప్పగించాం.

ఒక్క గడి మాత్రం నిండడం లేదు. ఎవరి కింద పని చేస్తున్నారు, ఠేకేదారు పేరేమిటి అని అడిగితే చాలామంది నోరు విప్పరు. పేరు బయటికి పోతే రేపు గేటుపాసు రెన్యువల్ కాదేమోనని వాళ్ళ భయం. ఆ భయం ఉత్తదని చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే ఆ గడి ఖాళీగా ఉంచమని, బలవంతపెట్టొద్దని పిల్లలకు చెప్పాను. వచ్చే నెల యూనియన్ వాళ్ళనూ, లేబర్ ఆఫీసు సంగతులు తెలిసిన ఒక వకీలునూ వీధిలోకి పిలుస్తున్నాం.