జనసంఖ్యలో ఒక కుటుంబం

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే రహదారిపై తుక్కుగూడ ఉన్నది. ఒకప్పుడు చుట్టూ పొలాలతో అలరారిన ఈ గ్రామం 2018లో పురపాలక సంఘమైనది. పొలాలున్న చోట వెంచర్లు, పరిశ్రమలు, బాహ్యవలయ రహదారి వెలసినవి. భూమి చేతులు మారినప్పుడు దానితోపాటు ఆ కుటుంబం ఎక్కడి నుండి వచ్చినదన్న జ్ఞాపకమూ చెదరిపోతుంది. ముత్తాత ఏ ఊరివాడో చెప్పగలిగిన వృద్ధులు తగ్గిపోతున్న ఈ కాలంలో, పాత జనాభా లెక్కలు ఆ వలసబాటను చూపగలవా అన్న ప్రశ్న తలెత్తుతుంది.

హైదరాబాదు సంస్థానంలో 1881లో జనగణన జరిగినది. వయస్సు, మతం, వృత్తితోపాటు జన్మస్థలాన్ని కూడ అందులో అడిగినారు. నాటి సంస్థాన జనాభా సుమారు 98 లక్షలు. 1891లో 1 కోటి 15 లక్షలైన ఆ సంఖ్య 1901 నాటికి 1 కోటి 11 లక్షలకు పడిపోయినది. 1911లో 1 కోటి 33 లక్షలున్న జనాభా 1921లో 1 కోటి 24 లక్షలకు తగ్గినది. మొదటి తగ్గుదలకు కరవు, రెండవదానికి 1918 నాటి విషజ్వరం ముఖ్య కారణాలు. అయితే మొదటి కరవు తాకిడి మరాఠ్వాడా జిల్లాలపైనే అధికం. కాబట్టి సంస్థానపు లెక్కను ప్రతి గ్రామానికీ యథాతథంగా అన్వయించరాదు.

ఇంతకూ ఆ గ్రంథాలలో ఏ కుటుంబం పేరూ కనిపించదు. గణకులు ఇంటింటా సేకరించిన వివరాలు పట్టికలలో అంకెలుగా మాత్రమే మిగిలినవి. 1948 నాటి జనగణన చట్టం వ్యక్తిగత వివరాలను రహస్యంగా ఉంచుతుంది. అమెరికాలో 72 సంవత్సరాల తరువాత, ఇంగ్లండులో నూరేళ్ళ తరువాత అటువంటి పత్రాలను ప్రజలకు అందుబాటులోనికి తెస్తారు. భారతదేశంలో అట్టి సంప్రదాయం లేదు.

అందుచేత అన్వేషణ ఇంటి నుండే ఆరంభం కావలెను. ఇంటిపేరు, కులదైవం, వియ్యమందిన ఊళ్ళు తొలి ఆధారాలు. చాలా ఇంటిపేర్లు పూర్వీకుల ఊరిపేర్లే. ఆ తరువాత 1954-55 నాటి ఖాస్రా పహాణీని చూడవలెను. అందులో సర్వే నంబరు వారీగా పట్టాదారు, అనుభవదారుల పేర్లు ఉంటాయి. అంతకు పూర్వపు విషయాలకు సేత్వారు తోడ్పడుతుంది. నిజాం కాలపు పత్రాలలో ఫసలీ సంవత్సరం ఉంటే దానికి 590 కలిపినచో క్రీస్తుశకం తెలియును. ఒక తరంలో పట్టాదారుగా ఉన్న పేరు అంతకు ముందరి పత్రంలో లేకుంటే, ఆ రెంటి నడుమ ఆ కుటుంబం ఆ ఊరు చేరి ఉండవచ్చును, లేదా అప్పటికి భూమి లేని కూలికుటుంబమై ఉండవచ్చును. ఏది నిజమో జ్ఞాపకాలతో సరిపోల్చి నిర్ణయించవలెను.

మరొక జాగ్రత్త అవసరం. ఊరు కదలకపోయినా జిల్లాలు మారుతాయి. 1978లో హైదరాబాదు జిల్లా నుండి రంగారెడ్డి జిల్లా ఏర్పడినది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చినవి. హైదరాబాదు జిల్లాలో పుట్టి రంగారెడ్డి జిల్లాలో నివసించుచున్నట్లు కనిపించే రైతు, నిజానికి తన ఇంటి గడపను దాటి ఉండకపోవచ్చును.

భూమి పత్రాలలో ఎక్కువగా పురుషుల పేర్లే కనిపిస్తాయి. కాని భారతదేశంలో స్త్రీల వలసకు ప్రధాన కారణం వివాహమని జనాభా లెక్కలే తెలుపుతున్నవి. పుట్టినింటి నుండి మెట్టినింటికి వచ్చిన ఆడపడుచు ప్రయాణం పహాణీకి ఎక్కదు. అత్తగారి ఊరేదో, అమ్మమ్మ పుట్టినిల్లేదో అడిగి వ్రాసికొనకపోతే కుటుంబ చరిత్రలో సగం చీకటిలోనే మిగులును.

అంకెలు కాలపు తీరును తెలుపును. పత్రాలు పేర్లను నిలుపును. ఆ పేర్ల వెనుక మనుషులను చూపగలిగినవారు ఇంటి పెద్దలే. పత్రం ఎప్పుడైనా వెదకవచ్చును. పెద్దలను మాత్రం వారుండగానే అడుగవలెను.