మార్కులు అడగని ఇంటర్వ్యూ

నెల్లిమర్లలో ఇంటర్ చదివే పిల్లలకు కాలేజీ సీటంటే ర్యాంకే. ఈఏపీసెట్ అయినా, ఊళ్లోనే ఉన్న మహారాజా వైద్య కళాశాలకు దారి తీసే నీట్ అయినా, కౌన్సెలింగ్ మొత్తంలో ఎదురుగా కూర్చుని 'నీకేం ఇష్టం?' అని అడిగే మనిషి ఎక్కడా తగలడు. అందుకే అమెరికా కాలేజీకి దరఖాస్తు పెట్టినప్పుడు, సరిగ్గా ప్రాక్టికల్స్ దగ్గరపడే జనవరి, ఫిబ్రవరిల్లో 'మా పూర్వ విద్యార్థి మీతో మాట్లాడతారు' అని మెయిల్ వస్తే, దాన్ని ఇంకో వైవా అనుకుని జవాబులు బట్టీ పట్టడం మొదలవుతుంది. అక్కడే దారి తప్పుతోంది. ఆ మాట్లాడే వ్యక్తి ఆ కాలేజీలో ఎప్పుడో చదువుకుని, జీతం లేకుండా ఈ పని చేస్తున్న వాలంటీరు. చాలా కాలేజీలు మన మార్కులను గానీ వ్యాసాలను గానీ వారికి చూపించవు. అరగంటో గంటో మాట్లాడి, తమకు కనిపించిన మనిషి గురించి ఒక రిపోర్టు రాసి పంపుతారు. సీటు నిర్ణయం మాత్రం అడ్మిషన్ ఆఫీసుదే.

ఆ రిపోర్టు విలువెంత? అడ్మిషన్లలో ఆసియా అమెరికన్లపై వివక్ష చూపుతోందంటూ హార్వర్డ్ మీద నడిచిన కేసులో ఇది కొంత బయటపడింది. 2018లో బోస్టన్‌లో విచారణ జరిగి, 2023లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన కేసు అది. ఆసియా అమెరికన్ విద్యార్థుల వ్యక్తిత్వానికి అడ్మిషన్ ఆఫీసు సగటున తెల్లవారి కంటే తక్కువ రేటింగు ఇచ్చిందనీ, ముఖాముఖి మాట్లాడిన పూర్వ విద్యార్థులు ఇచ్చిన రేటింగుల్లో మాత్రం అంత తేడా లేదనీ అక్కడి లెక్కలు చూపించాయి. అది అమెరికాలోనే పెరిగిన పిల్లల సంగతి, మనకు అచ్చంగా వర్తించదు. అయినా అందులో రెండు విషయాలున్నాయి. కాగితం మీద కనిపించని మనిషి మాటల్లో కనిపిస్తాడన్నది ఒకటి. ఆ మాట ఒక్కటే ఫలితాన్ని మార్చలేదన్నది రెండోది.

అలాంటప్పుడు ఎందుకీ శ్రమ అంటారా? ప్రశ్న న్యాయమైనదే. బ్రౌన్, కొలంబియా లాంటి యూనివర్సిటీలు ఈ ఇంటర్వ్యూలనే మానేశాయి. ఉన్నచోట కూడా వాలంటీర్లు దొరికితేనే పిలుస్తారు, పిలవకపోతే నష్టం లేదని కాలేజీలే చెబుతాయి. కాబట్టి పిలుపు రాలేదని దిగులు పడక్కర్లేదు. వస్తే మాత్రం వదులుకోవడానికి కారణం కనిపించదు. ఇక ఇంగ్లిష్ భయం. తడబడే ఇంగ్లిష్‌ను చిన్నచూపు చూసే వాలంటీర్లు ఉండరని చెప్పలేం. మనుషులందరి తూకం ఒకేలా ఉండదు. దానికి విరుగుడు యాస మార్చుకోవడం కాదు, సొంత సరుకు ఉండటం. 'సమాజానికి సేవ చేస్తాను' అన్న మాట వాళ్లు వందసార్లు విని ఉంటారు. ఊళ్లో జూట్ మిల్లు లాకౌట్ పడితే వీధిలో కిరాణా ఖాతాలు ఏమవుతాయో గమనించిన పిల్ల, అక్కణ్నుంచి ఎకనామిక్స్ మీద ఆసక్తి ఎలా కలిగిందో చిన్న చిన్న వాక్యాల్లో చెప్పినా ఎదుటివారు చెవి ఒగ్గుతారు.

కొన్ని చిల్లర సంగతులు. మెయిల్ ఒక్కోసారి స్పామ్‌లో పడుతుంది, రోజూ చూసుకోవాలి. డబ్బు అడిగితే అది మోసమే. ఇంటర్వ్యూకు ఫీజుండదు. వాలంటీరు న్యూయార్క్‌లో ఉంటే, శీతకాలంలో అక్కడ రాత్రి ఎనిమిదంటే మనకు మర్నాడు ఉదయం ఆరున్నర. చివర్లో 'మీరేమైనా అడుగుతారా?' అంటారు. ఫీజులు, ర్యాంకింగులు వెబ్‌సైట్లోనే ఉంటాయి. చిన్న ఊరి నుంచి వచ్చినవాళ్లు మొదటి చలికాలం అక్కడ ఎలా నెట్టుకొచ్చారో అడిగితే, ఆ జవాబు ఏ వెబ్‌సైట్లోనూ దొరకదు.