హాస్టల్లో చేరే ముందు రసీదు అడగండి

ప్రశ్న: మాది చౌటుప్పల్. మా అమ్మాయి అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది. కాలేజీకి దగ్గర్లోనే ఒక ప్రైవేటు హాస్టల్ చూశాం. మూడు పూటలా భోజనం, అన్‌లిమిటెడ్ వైఫై అని చెప్పి ఏడాది డబ్బు ఒకేసారి కట్టించుకున్నారు. రెండు నెలలు తిరగకముందే భోజనం దిగజారింది. రాత్రయితే నెట్ రాదు. ఖాళీ చేస్తామంటే కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వమంటున్నారు. రసీదు మీద ‘నాన్ రిఫండబుల్’ అని ముద్ర కూడా ఉంది. మాకు దారేమైనా ఉందా?
– ఒక తండ్రి

జవాబు: దారి ఉంది. ముందు ఆ ముద్ర సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు దాన్ని చూసే ఆశ వదులుకుంటున్నారు. రసీదు మీద ముద్ర కొట్టినంత మాత్రాన, పెట్టని భోజనానికి డబ్బు ఉంచుకునే హక్కు హాస్టల్ యజమానికి రాదు. ఒప్పందం మధ్యలో వదిలేసినవారి నుంచి కూడా సహేతుకమైన పరిహారం మాత్రమే రాబట్టుకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. మీ విషయంలో మాట తప్పింది మీరు కాదు, హాస్టల్ వాళ్లు.

2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీకు అండగా ఉంది. ఇస్తామన్న సేవ ఇవ్వకపోయినా, నాసిరకంగా ఇచ్చినా అది సేవాలోపం. లోపం ఉన్న సేవను ఆపేసి డబ్బు తిరిగి ఇవ్వకపోవడం, అసలు రసీదే ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల కిందికి వస్తాయి. రసీదులో గడువు రాయకపోతే 30 రోజుల్లో డబ్బు వాపసు చేయాలి. మోయలేనంత డిపాజిట్ అడగడం, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా వేయడం వంటి షరతులను ఈ చట్టం ‘అన్యాయపు ఒప్పందం’ అంటుంది. ఆ షరతునే కొట్టివేయించాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. మీకు కావలసింది డబ్బు వాపసు, పరిహారం కాబట్టి జిల్లా కమిషన్ చాలు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. హాస్టల్‌ను కాలేజీయే నడుపుతుంటే దారి కాస్త మారుతుంది. విద్యాసంస్థలు చదువుకు సంబంధించి అందించే సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని 2020 జనవరిలో జాతీయ కమిషన్ మనూ సోలంకి కేసులో తీర్పు ఇచ్చింది. కాలేజీ లాయరు ముందుగా పట్టుకునే అభ్యంతరం ఇదే. అలాంటప్పుడు కాలేజీలోని విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, న్యాయం జరగలేదనిపిస్తే అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మీది బయటి ప్రైవేటు హాస్టల్ కనుక ఈ చిక్కు లేదు.

భోజనం సంగతి

హాస్టల్ మెస్ కూడా ఆహార వ్యాపారమే. 2006 ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ ఉండాలి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు మెస్‌లో కనబడేలా పెట్టాలి. అన్నంలో పురుగు వచ్చినప్పుడు పిల్లలు పళ్లెం పక్కన పెట్టి లేచిపోతారు. అలా లేచిపోవద్దని అమ్మాయికి చెప్పండి. పళ్లెంతో పాటు వెనకాల మెస్ బోర్డు కూడా పడేలా ఫొటో తీసి, తేదీ, పూట రాసి, అప్పటికప్పుడే వార్డెన్‌కు వాట్సాప్ చేయమనండి. ఆ ఒక్క మెసేజీ తర్వాత పది మాటలకు సమానం. వాట్సాప్ మెసేజీలను భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్‌తో సాక్ష్యంగా పెట్టవచ్చు. అందుకే ఫోను మార్చినా చాట్ చెరపొద్దు. తిండి కలుషితమైందని అనుమానం వస్తే ఆహార భద్రతాధికారికి, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయండి.

నెట్ సంగతి

హాస్టల్ వైఫైకి జవాబుదారీ హాస్టలే. ‘కంపెనీ వాళ్లను అడగండి’ అని తప్పించుకోవడానికి లేదు, మీ దగ్గర డబ్బు తీసుకున్నది హాస్టల్ వాళ్లే కదా. నెట్ రాని రాత్రుల్లో అమ్మాయి తన గదిలో, తన మంచం దగ్గరే స్పీడ్ టెస్ట్ చేసి, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయాలి. వరండాలో రౌటర్ పక్కన నిలబడి చూస్తే ఎవరికైనా బాగానే వస్తుంది.

సొంత కనెక్షన్ పెట్టించుకుంటే లెక్క వేరు. కనెక్షన్ తన పేరున, తన గుర్తింపు కార్డుతోనే తీసుకోవాలి, పాస్‌వర్డ్ ఊరందరికీ పంచకూడదు. ‘అన్‌లిమిటెడ్’ ప్లాన్‌లోనూ ఒక పరిమితి దాటాక వేగం తగ్గుతుంది. ఆ పరిమితి ఎంతో, తర్వాత వేగం ఎంతో కంపెనీ ముందే చెప్పాలని, అది 512 కేబీపీఎస్ కంటే తగ్గకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఆదేశించింది. సమస్య వస్తే ఫిర్యాదు కేంద్రానికి ఫోన్ చేసి డాకెట్ నంబరు రాసుకోండి. తేలకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేయండి. దీనికి ఖర్చు లేదు.

నెట్ పిల్లల విలాసం అనుకునే పెద్దలకు ఒక తీర్పు చెప్పాలి. కోళికోడ్ జిల్లాలో ఒక కాలేజీ హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్లు అప్పగించాలని నియమం పెట్టారు. ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపేశారు. 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టు ఫహీమా షిరీన్ కేసులో ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో, గోప్యత హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు తెలంగాణ కోర్టులను కట్టిపడేయదు, కానీ మన వాదనకు బలమిస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది

ఏయే లోపాలున్నాయో, ఎంత డబ్బు వెనక్కి రావాలో తేదీలతో ఒక నోటీసు రాసి, హాస్టల్ యజమానికి స్పీడ్ పోస్టులో పంపండి. 15 రోజుల గడువివ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే కొన్ని గొడవలు అక్కడే తేలిపోతాయి. లేదంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. హాస్టల్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనైనా, మీరుండే జిల్లాలోనైనా వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. కట్టిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్లలోగా వేయాలి. న్యాయ సహాయం కావాలంటే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా అందుతుంది. మీ అమ్మాయి పేరునే అడగవచ్చు.

ఇంకా చేరనివారికి

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి విజయవాడ హైవే మీద పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులకు నా మనవి. ఏడాది డబ్బు ఒకేసారి కట్టకండి, నెలనెలా గానీ మూడు నెలలకోసారి గానీ కడతామనండి. గది అద్దె, భోజనం, నెట్, అడ్వాన్స్ విడివిడిగా రసీదులో రాయించండి. సెలవులకు ఇంటికొస్తే మెస్ బిల్లు ఎంత తగ్గిస్తారో, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో అడిగి రాయించుకోండి. జీఎస్టీ అని అదనంగా వసూలు చేస్తుంటే ఆగండి: కనీసం 90 రోజులు వరసగా ఉండేవారికి, నెలకు మనిషికి రూ.20 వేల లోపు హాస్టల్ వసతి మీద 2024 జూలై 15 నుంచి మినహాయింపు ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ హాస్టల్‌కూ ఇవ్వకండి, జిరాక్సులు చాలు.

రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వెళ్లి చూడండి. ఆ పూట పిల్లలు తింటున్న కూర రుచి చూడండి, గదిలో మీ ఫోన్‌కు వైఫై కలిపి చూడండి. పగలు చూపించే గది, రాత్రి పిల్లలుండే గది ఒకేలా ఉండవు. తర్వాతే డబ్బు లెక్కపెట్టండి. రసీదు చేతికొచ్చాక జేబులోంచి తీయండి.