ఘాట్ కావాలంటే చింతూరు దాటాలి

ప్రశ్న: మాది ఖమ్మం. రోడ్ సైకిల్‌పై ఎత్తు ఎక్కే సాధన కోసం డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెడుతున్నాను. భద్రాచలం రోడ్డు సరిపోతుందా?

జవాబు: కొత్తగూడెం, పాల్వంచ మీదుగా వెళ్లే ఆ రోడ్డు ఓపిక పెంచుతుందేగానీ కొండ ఎక్కించదు. గోదావరి వంతెన దాటి చింతూరు వెళ్లండి. అసలు ఘాట్ అక్కణ్నుంచి మారేడుమిల్లి వైపు ఉంది. మొదటి రోజు తేలిగ్గా తొక్కండి. రెండో రోజు పదేసి నిమిషాలు మూడుసార్లు, రెండు మాటలకు మించి మాట్లాడలేనంత గట్టిగా ఎక్కండి. మూడో రోజు విశ్రాంతి. చాలామంది ఎగ్గొట్టేది దీన్నే! వెనక గేర్ల కేసెట్‌లో పెద్ద పళ్లచక్రం 32 పళ్లకు తగ్గకూడదు. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ము వేడెక్కిపోతుంది. మలుపుకు ముందే నొక్కి వదలండి. పొద్దున మంచుకు తడిసిన ఆకులు జారతాయి, లారీలూ ఎదురొస్తాయి. అడవిలో ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకండి. ట్యూబులు రెండు, గాలి పంపు వెంట ఉంచుకోండి.