కార్ల పేర్లు - వాటి కథలు



మీరు రోజూ వీధిలో ఎన్నో కార్లను చూస్తుంటారు. ప్రతి కారుకూ ఒక పేరుంటుంది. ఆ పేరు ఎక్కడి నుండి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? మనం ఉంటున్న కెనడాలో తిరిగిన కొన్ని కార్ల పేర్లను పరిశీలిద్దాం.

ఆంటారియోలోని ఓషావా పట్టణంలో మెక్‌లాఫ్లిన్ కుటుంబంవారు మొదట గుర్రపుబండ్లు చేసేవారు. 1907లో కార్ల కంపెనీ పెట్టారు. 1918లో అది జనరల్ మోటార్స్ ఆఫ్ కెనడాలో కలిసింది. ఈ సంస్థ కెనడా వారికోసం ప్రత్యేకంగా కొన్ని పేర్లు పెట్టింది. 'లారెన్షియన్' అనేది క్యూబెక్‌లోని కొండల పేరు. 'అకేడియన్' కారు 1962లో వచ్చింది. అకేడియన్లు తూర్పు తీరాన స్థిరపడిన ఫ్రెంచివారు. 1755 మొదలుకొని బ్రిటిషువారు వారిని ఇళ్ళనుండి, పొలాలనుండి వెళ్ళగొట్టారు. ఒక చిన్న కారు పేరులో ఎంత పెద్ద దుఃఖం దాగి ఉందో చూశారా!

'పాంటియాక్' కార్లు 1926లో మొదలై 2010 వరకు నడిచాయి. పాంటియాక్ ఎవరు? ఒడావా జాతి నాయకుడు. తమ నేలపై బ్రిటిషువారి పెత్తనాన్ని ఎదిరించి, 1763లో అనేక తెగలతో కలిసి పోరాడిన వీరుడు. అతని పేరు మిషిగన్‌లోని ఒక పట్టణానికి, ఆ పట్టణం పేరు కారుకు వచ్చాయి. కారు కొన్నవారిలో ఎందరు ఆ వీరుణ్ణి తలచుకొని ఉంటారు? ఎందరు పలికినా, అర్థం తెలియని పేరు వట్టి చప్పుడే.

అర్థం విచారించకపోతే చిక్కులూ వస్తాయి. 'లక్రాస్' కెనడా జాతీయ క్రీడల్లో ఒకటి. బ్యూయిక్ కంపెనీ ఒక కారుకు ఆ పేరే పెట్టింది. కాని క్యూబెక్ ప్రజల వాడుకలో ఆ మాటకు సభ్యతలేని అర్థం ఉంది. అందుచేత ఆ కారును కెనడాలో కొన్నేళ్ళు 'అల్యూర్' అనే పేరుతో అమ్మారు. ఒక చోట ముద్దైన పేరు మరొక చోట నవ్వులపాలు కావచ్చు.

ఇక మన దేశపు 'మారుతి' సంగతి. మరుత్తు అంటే గాలి. మారుతి అంటే వాయుపుత్రుడైన హనుమంతుడు. 1983లో మారుతి 800 వచ్చినప్పుడు ఆ పేరులోని వేగం మనవారికి ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలిసింది.

'కారు' అన్న మాట సంగతేమిటి? లాటిన్‌లో బండికి 'కర్రస్' అని పేరు. ఇంగ్లీషు మాట దాని నుండే వచ్చింది. కారుమబ్బు, కారుచీకటి అనే మాటల్లోని 'కారు' మన తెలుగుమాట. దానికి నలుపు అని అర్థం.

పిల్లలూ! బడిలో స్నేహితులు మీ పేరుకు అర్థమేమిటని అడుగుతారు. కొందరికి అది పలకడం కష్టం కావచ్చు. అంతమాత్రాన పేరును తుంచుకోకండి. ముందు దాని కథను అమ్మానాన్నలను, తాతయ్యను, అమ్మమ్మను అడిగి తెలుసుకోండి. తరువాత స్నేహితులకు నేర్పండి. వారి పేర్ల కథలు కూడా అడగండి.

ప్రశ్నలు

1. పాంటియాక్ ఎవరు? అతని పేరు కారుకు ఎలా వచ్చింది?
2. 'లక్రాస్' కారు పేరును కెనడాలో ఎందుకు మార్చారు?
3. మీ పేరుకు అర్థం తెలుసుకొని అయిదు వాక్యాలు వ్రాయండి.